ఎనభై రెండు దగ్గర

వారధి మీదే ఆగిపోయిందంట అంబాసిడరు.
బానెట్ సందుల్లోంచి ఆవిరి,
వెనక సీట్లో రెండు డోళ్ళు, ఒక క్లారినెట్,
ముహూర్తానికి గంటంపావు.
వాయించేవాళ్ళని ఆటో ఎక్కించి
తెల్లారి తాడు కట్టి లాక్కొచ్చాడు
బ్యాండు మేస్త్రి ఏసుపాదం,
ఆటోనగర్లో నా షెడ్డుకి.

"రేడియేటరే" అన్నాడు దిగుతూనే.
అందరూ రేడియేటర్నే అంటారు.
ముందు నిలబడి ఉంటుంది కదా, తిట్లకి అందుతుంది.

నేను టార్చి పట్టుకుని వెనక్కి వెళ్ళాను,
పై గొట్టం ఇంజను తల మీద కలిసే చోటికి.
అక్కడ వంకర మెడ లాంటి లోహపు మూత.
దాని అంచున ఆరిన బోరు నీళ్ళ తెల్ల చార,
పెదవి పక్కన ఎండిన సున్నంలా.
గోటితో గీకితే పొడి రాలింది,
పొడి వెనకాల వెంట్రుకంత పగులు.

బోల్టులు రెండు.
ఒకటి అడగ్గానే వచ్చింది.
రెండోది కిరసనాయిలు తాగింది, దెబ్బలు తింది,
భోజనాల వేళ దాకా బెట్టు చేసి
ఆఖరికి ఊడింది, తుప్పు ఏడ్చుకుంటూ.

మూత ఎత్తితే లోపల ఏమీ లేదు.
థర్మోస్టాట్ వాల్వు కూర్చోవాల్సిన గుంటలో
ఎర్రటి బురద, అంతే.
ఎవరో ఎప్పుడో తీసేశారు.

ఎవరో అనడం అబద్ధం.
గ్యాస్కెట్ చూడగానే తెలిసింది.
అట్టముక్క పరిచి
అంచులంట సుత్తితో తట్టి తట్టి కోసింది,
చిల్లులు బేరింగు గోలీ పెట్టి కొట్టినవి.
ఈ రోడ్డులో అలా కోసింది ఒక్కడే,
నాగుల్ మీరా,
నేను మేస్త్రీ అని పిలిచిన మొదటి మనిషి.
"బెజవాడ ఎండకి ఇదెందుకురా, దండగ" అని
బండొచ్చిన ప్రతిసారీ వాల్వు పీకి
డబ్బాలో వేసేవాడు.
డబ్బా నిండితే ఇత్తడి కింద అమ్మి
మాకు పునుగులు కొనేవాడు.

తడి అట్టని గుడ్డ మీద ఆరబెట్టి తిప్పి చూశాను.
ఎక్కాలు.
ఏదో నోటుబుక్కు వెనక అట్ట.
ఏడు పన్నెండ్లు...
జవాబు ఉండాల్సిన చోట బోల్టు చిల్లు.

నేనూ ఒక నోటుబుక్కుతోనే వచ్చాను ఆ షెడ్డుకి,
ఐదో తరగతి పరీక్షలు రాసి, వేసవి సెలవులకని.
ఆ సెలవులు ఇంకా అయిపోలేదు.
ఇది నాదే అని చెప్పలేను.
అప్పట్లో అందరి అట్టల మీదా అవే ఎక్కాలు.

సైదులుని పంపి కొత్త మూత, కొత్త వాల్వు తెప్పించాను.
వాడూ సెలవులకనే వచ్చాడు.
బిగించే ముందు పరీక్ష:
రత్తాలమ్మ టీ కొట్టులో గిన్నెడు నీళ్ళు పొయ్యెక్కించి
వాల్వుకి దారం కట్టి దింపాను.
ఏసుపాదం వంగి చూస్తున్నాడు,
పక్కవాడి గాలం చూసేవాడిలా.
అడుగున బుడగలు పుట్టాయి. వాల్వు కదల్లేదు.
"ఇదీ పాడైందే" అన్నాడు.
ఉండండి.
ఎనభై రెండు దగ్గరనుకుంటా,
ఇత్తడి రెప్ప మెల్లిగా విడింది.
"ఇంక పాలు పెట్టుకోనా?" అంది రత్తాలమ్మ.

"ఇంత ఎండలో దీనికేం పని?"
ఏసుపాదం అడిగాడు.
చల్లార్చడం కాదు దీని పని.
ఇంజను తనంతట తాను వేడెక్కేదాకా
నీళ్ళని రేడియేటరు వైపు వదలకుండా ఆపడం.
ముందే తిప్పేస్తే నడవదని కాదు, నడుస్తుంది.
పెట్రోలు ఎక్కువ తాగుతుంది,
లోపల్లోపల అరుగుతుంది,
ఏళ్ళ తరబడి ఎవరికీ తెలీదు.
ఇదంతా నేను చెప్పలేదు.
"ఉండాలి" అన్నాను.

మొహం గీకి, కొత్త గ్యాస్కెట్ వేసి,
ఈ బోల్టు కాస్త, ఆ బోల్టు కాస్త బిగించి,
కూలెంటూ నీళ్ళూ సగం సగం పోసి
స్టార్టు చేశాను.
పై గొట్టం మీద చెయ్యి వేసి నిలబడ్డాను.
చల్లగా.
ఇంకా చల్లగానే.
షెడ్డు ముందు లారీ ఒకటి వెనక్కి వచ్చి వెళ్ళింది.
ఏసుపాదం టీ అయిపోయింది.
అప్పుడు, అరచేతి కింద,
ఒక్కసారిగా వేడి పరిగెత్తింది.

అట్టముక్కని పారేయబోయి
గోడ మేకుకి గుచ్చాను.
స్పానర్లు తుడుస్తున్న సైదులు
తల కూడా తిప్పకుండా
"ఎనభై నాలుగు" అన్నాడు.