దగ్గు

మిర్చి యార్డులో చేరిన రోజు
గేటు దాటకముందే దగ్గాను.
కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు.
హమాలీలు నవ్వారు.
"పది రోజులాగు గుమస్తా, అదే పోద్ది"
అన్నాడు మేస్త్రి జక్రయ్య.

నిజమే, పోయింది.
గట్టిపడ్డాననుకున్నాను.

పంతొమ్మిదేళ్ళు కాటా పక్కన నా కుర్చీ.
బస్తాకి అరకిలో తరుగు రాయమన్నాడు సేటు.
మొదటి వారం పెన్ను ఆగింది.
ఆ ఆదివారం బల్ల దగ్గర
రొట్టె ముక్క నాలుక మీదే నానింది.
తర్వాత అదీ పోయింది.

రాత్రంతా ట్రాక్టరు మీద కూర్చుని
పల్నాడు నుంచి వచ్చిన రైతు
"ఇంటికాడ నలభై ఒకటి తూగింది సార్" అంటే
"దార్లో తేమ ఆరుంటది" అనేవాణ్ణి,
అతని మొహం చూడకుండా,
ఘాటుకి కళ్ళు మండవు కాబట్టి
ఏడుపు కూడా రాకుండా.

సంఘంలో నేనే కోశాధికారిని.
కానుకల సంచి విప్పితే
అర్ధరూపాయి తేడా వచ్చేది కాదు.
నా ప్రార్థన మొదలైతే
వెనక బెంచీ పిల్లలు నిద్రపోయేవాళ్ళు.

మేలో యార్డుకి సెలవులిచ్చారు.
సంగడిగుంటలో కరెంటు లేని తెల్లవారుజామున
చాప చంకన పెట్టుకుని మేడెక్కాను.
వేరే పని లేక, నిజం చెప్పాలంటే.
నీళ్ళ ట్యాంకు పక్కన మోకాళ్ళూని
అడగాల్సినవన్నీ అడిగాను.
మూడో రోజుకి జాబితా అయిపోయింది.
నాలుగో రోజు పాత మాటలే తిప్పి చెప్పాను.
ఐదో రోజు
నా గొంతు నాకే విసుగేసి ఊరుకున్నాను.

వెలుగేం రాలేదు.
స్వరమేం వినిపించలేదు.
పక్కన ఎవరో కూర్చుంటే
చాప అటువైపు కాస్త అణిగినట్టు,
అంతే.
పాలవాడి సైకిలు పోయింది.
దూరంగా నల్లపాడు వైపు రైలు కూసింది.
నేను కదల్లేదు,
కదిలితే ఆయన లేచి వెళ్ళిపోతాడేమోనని.

అలా నెల.
ఏమడిగానో ఒక్కటీ గుర్తులేదు.
ఎండ ట్యాంకు దాటి మోకాళ్ళ మీదకొచ్చేదాకా
కూర్చున్నానని మాత్రం గుర్తు.

జూన్‌లో యార్డు తెరిచారు.
గేటు దగ్గరే పట్టుకుంది దగ్గు.
వంగిపోయి, గోడ పట్టుకుని,
పేగులు నోట్లోకొచ్చేంత.
"ఏంది గుమస్తా, ఇయ్యాలే చేరినట్టు?"
జక్రయ్య నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
లోపల ఇంకో దగ్గు
పెన్ను పట్టుకోగానే మొదలైంది.

నలభై ఒకటి తూగింది.
నలభై ఒకటి రాశాను.
రెండో బస్తాకీ, అరవయ్యో బస్తాకీ అంతే.
శుక్రవారం సేటు
అరవలేదు, తిట్టలేదు.
నన్ను కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర
టోకెన్లిచ్చే స్టూలు మీదకి పంపాడు,
జీతంలో మూడో వంతు కోసి.
రాహేలు ఏమీ అనలేదు.
నూనె గిన్నె వంచినప్పుడు మాత్రం
చెయ్యి కాస్త ముందే లేపేది.

ఎదిగానని చెప్పను.
ఎదగడమంటే ఎత్తవడం అనుకున్నన్నాళ్ళూ
నా నీడనే కొలుచుకున్నాను.
దేవుడికి దగ్గరైతే నెమ్మది అన్నారు.
నాకు మాత్రం మొద్దుబారిన తోలు ఊడి
కింద లేత చర్మం మండింది.
పంతొమ్మిదేళ్ళ అరకిలోలకి
పేర్లు లేవు, ఊళ్ళు లేవు,
ఎవరి గుమ్మం ముందు దించను?
రాత్రిళ్ళు ఆ బస్తాలు నా మీద
ఒకదాని మీదొకటి పేరుస్తారు.
తెల్లారి మేడెక్కుతాను.
చాప అణుగుతుంది.
ఆయన వాటి సంగతెత్తడు,
లేచీ పోడు.

మొన్న ఆదివారం
బల్ల దగ్గర రొట్టె మింగబోతే పొలమారింది.
సంఘమంతా తిరిగి చూసింది.
చిన్నప్పుడు ఇలా పొలమారితే
మా అమ్మ నడినెత్తిన అరచేత్తో తట్టి అనేది,
"ఎవరో తలుచుకుంటున్నార్రా నిన్ను."