ఒడ్డున ఒకరు

రాత్రి పదకొండున్నర. కావలి.
ముసునూరు రోడ్డు మీద లారీలు పలచబడ్డాయి.
చెక్-ఇన్ పన్నెండింటికి తెరుస్తారంట,
ముందు చేసినవాళ్ళకి ముందు వేళ.
చీటీ పాడి కట్టిన డబ్బు,
మద్రాసు నుంచి మూడు రాత్రుల ఓడ.
కళ్ళు మూతలు పడుతున్నా
ఫోను పట్టుకుని కూర్చున్నాను.

మోటార్లు చుట్టీ చుట్టీ అలిసిన పెంచలయ్య గురక.
పాప నిద్రలోనే సూటుకేసు మీద కాలేసింది.
మా అత్త వెంగమ్మ మాత్రం
చాప మీద నా పక్కనే,
పరీక్ష రాసేది తనే అయినట్టు.

మొదటి గడి: పుట్టిన తేదీ.
ఆధార్లో జనవరి ఒకటి.
"నేనా? గాలివాన ఏడు.
ఇంటి కప్పు పోయినాక మూడో నాడు" అంది.
ఆ గడిలో గాలివాన పట్టదు.
జనవరి ఒకటే కొట్టాను.

తర్వాత ఫోటో. వెనకంతా తెల్లగా ఉండాలంట.
పెళ్ళినాటి దుప్పటి కిటికీ ఊచలకు కట్టి
ఆమెను నిలబెట్టాను.
ముఖం స్పష్టంగా లేదు, అంది తెర.
ఇంకో లైటు వేశాను. ముఖం స్పష్టంగా లేదు.
కొంగు సర్దాను, ముక్కుపుడక తిప్పాను.
ముఖం స్పష్టంగా లేదు.
నలభై ఏళ్ళు తుమ్మలపెంట ఇసకలో
నెత్తళ్ళతో పాటు ఎండిన ముఖం.
ఇంతకన్నా స్పష్టమైంది నేనింకోటి చూళ్ళేదు.
నాలుగోసారికి ఆవులించింది.
అది తీసుకుంది.

జ్వరం? లేదు.
దగ్గు? లేదు. అత్త దగ్గింది.
ఇస్త్రీపెట్టె, కొవ్వొత్తులు, ఇంట్లో చేసిన తిండి?
లేవు లేవు లేవు అని టిక్కులు పెడుతుంటే
నా వెనక సంచిలోంచి, మూడు కవర్లు దాటుకుని
ఎండు చేపల వాసన
మెల్లిగా వచ్చి భుజం మీద చెయ్యేసింది.

అప్పుడొచ్చింది ఆ గడి.
అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి?
కింద ఎర్రగా: మీతో ప్రయాణించనివారై ఉండాలి.

ఉన్న నలుగురం ఓడెక్కుతున్నాం.
మా అన్న నంబరు మారి రెండేళ్ళు.
పేర్లు పైకీ కిందకీ తోస్తున్నాను:
గ్యాసు. చీటీ సరోజిని. కరెంటు లైన్‌మన్. పాప వ్యాను.
మేం మునిగితే
చెప్పించుకోదగ్గ మనిషి ఒక్కరూ తగల్లేదు.

"ఏందిమే, ఆగిపోయినావు?"
చెప్పాను.
అత్త లేచి కూర్చుంది.

"మీ మామ వాళ్ళు వేటకు పోతే
ఎన్ని తెప్పలు పోయినాయో
ఒడ్డున ఒకరు లెక్క పెట్టుకోనుండేది.
ఒకనాడు నేను, ఒకనాడు మస్తానమ్మ.
ఆమెకీ నాకూ మాటల్లేవు, బోరింగు కాడ కొట్టుకున్నాం.
అయినా దాని మొగుణ్ణి నేను లెక్కపెట్టేదాన్ని,
నా మొగుణ్ణి అది.
లెక్కకి మాటలెందుకు?
పక్కింటాయన నంబరు ఎయ్యి."

మాలకొండయ్య.
పైపు ఎవరి గోడలో పోవాలనే తగువు, పందొమ్మిది నెలలది.
నా ఫోనులో ఆయన పేరు 'గోడ'.
అంకెలు కొడుతుండగానే తెర తెల్లబోయింది:
సమయం మించిపోయింది, మొదటి నుంచి మొదలుపెట్టండి.

మళ్ళీ జనవరి ఒకటి, మళ్ళీ దుప్పటి,
మళ్ళీ ఆవులింత కోసం ఎదురుచూపు,
లేవు లేవు లేవు.
ఈసారి ఆ గడి దగ్గర ఆగలేదు.
బంధం? అంటూ ఒక జాబితా జారింది:
భర్త, తండ్రి, సోదరుడు, స్నేహితుడు.
తగువున్నవాడు అని లేదు.
స్నేహితుడు అని పెట్టాను,
ఎవరూ చూడ్డం లేదు గదా.

ఒంటిగంటా పదికి పాసులొచ్చాయి.
మంచి వేళలన్నీ ఎవరో ఎత్తుకుపోయారు,
మాకు మిట్టమధ్యాహ్నం రెండున్నర.

పొద్దున గోడకవతల, పళ్ళపొడి చేత్తో ఆయన.
ఫోనుకేదో మెసేజి వచ్చిందంట.
నన్ను కాదు, పైపును చూస్తూ అడిగాడు:
"ఎన్ని దినాలు?"
"మూడు."
శుక్రారం, శనారం, ఆదారం.
వేళ్ళ మీద బొటనవేలు కదిలింది.
"అయితే సోమారం పొద్దున" అనుకుంటూ
నోరు పుక్కిలించేదానికి
లోపలికి పోయాడు.