నేరేడు రంగు కత్తి

దస్తగిరి తెచ్చినప్పుడు
పిడి కాడ మాత్రమే ఎర్రగా మినుకుతాండె,
మొన దాకా పోలేక
నడిమధ్యలో ఆయాసపడే వెలుగు.
గూగూడు పీర్లపండగలో నూటిరవై పెట్టి కొన్నాడంట.
నాలుగోనాటికి గుండీ సెల్లులు మూడూ సచ్చిపోయె.
"అన్నా, దీన్ని నిజం కత్తి చెయ్యి"
పగిలిన ఫోన్ల నడుమ జాగా చేసి పెట్టినాడు.

నిజం కత్తి మనకొద్దులేరా,
నిజం లైటు చేస్తా అంటి.

మరలు విప్పితే ఏముంది లోపల?
ఒంటి దీపం, వెంట్రుకంత తీగ,
యాడనో ఎవరో తొందర్లో పెట్టిన టంకం చుక్క.
పిడి శానా ఇరుకు.
రంపం బ్లేడుతో లోపలి గోడలు కోస్తి,
సచ్చిన ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి
ఇంకా పానమున్న సెల్లొకటి ఏరితి.
మూడు పాయింట్ తొమ్మిది అనింది మీటరు.

బుధవారం అనంతపురం పోతే
తిలక్ రోడ్డు అంగడాయప్ప
నీలం అడిగితే పొట్లం గట్టి ఇచ్చినాడు. ఇరవై దీపాలు.
పదహారు పట్టినాయి.
పొడుగు కాలు ప్లస్సు, పొట్టి కాలు మైనస్సు,
ఇన్నేండ్ల పనితనం ఉండి కూడా
రెండు తిరగేసి అతికించి నన్ను నేనే తిట్టుకుంటి.
గుగ్గిలం పొగకు దస్తగిరి తుమ్మి
"దర్గాలో ఉన్నెట్ల ఉందన్నా" అనె.
దీపాలు చుక్కలు చుక్కలుగా కనపడకుండా
వాళ్ళ నాయన పాలీషు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన గరుకు కాగితంతో
గొట్టం లోపలంతా రుద్దినాడు వాడే,
కట్టెపుల్లకు చుట్టి, నాలిక బయటపెట్టి.

స్విచ్చి నొక్కితే
నీలం రాలే.
నేరేడుపండ్లు తిన్న నోటి రంగు, అంతే.
"ఇది వెలుగాన్నా? మరక మాదిరుంది."
కానీ వాని ఇస్కూలు చొక్కా
ఉన్నట్టుండి తెల్లగా మండె. పండ్లు మండె.
బల్ల మీది యాభై నోటులో
ఎన్నడూ చూడని దారం తునకలు లేచి కూచున్నాయి.
పొట్లం మీది చీటీ మళ్ళీ చదివితి:
అంగడాయప్ప దొంగనోట్లు పట్టే దీపాలిచ్చినాడు.

ఆదివారం పోయి మార్చుకోనొస్తాలేరా అంటి.
వాడు వినకనే ఎత్తుకోని పాయె.

తాడిపత్రిలో ఆ రాత్రి కరెంటు లేదు.
ఫ్యాక్టరీ వెనక నాపబండల కుప్ప,
ఆడోళ్ళు వట్టి చేతుల్తో ఎత్తే కుప్ప.
పోయినేడు ఓబుళమ్మ చెయ్యి
మూడు దినాలు రోకలంత వాచింది దాని కాడనే.
దస్తగిరి పరిగెత్తొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు,
నోట్లో మాట లేదు.

కత్తి కిందికి వంచినాడు.
బండల సందులో
పచ్చగా ఒక తేలు.
వెలుగు దాని మీద పడినట్టు లేదు,
దాన్లోంచే వస్తాంది, కొండి చివరి దాకా,
ఈ కత్తికి మొదట్లో చేతగానిది అదే.
పక్క సందులో ఇంకోటి.
దాని పక్కన పిల్లల్ని వీపునేసుకున్న తల్లి,
తల్లి పచ్చన, పిల్లలు మాత్రం మసక మసక.
పద్నాలుగు దాకా లెక్కపెట్టి
కాళ్ళు ఎక్కడ పెట్టల్లో తెలీక నిలబడిపోతిమి.

వాళ్ళ నాయన చెప్పు చేతబట్టుకోనొచ్చె.
దెబ్బలు పడినాయి. పడల్ల కూడా,
తెల్లారితే అక్కడ చేతులు పెట్టాల్సినోళ్ళున్నారు.
కానీ నలిగిపోయిన తునకలు
అట్లే వెలుగుతాండె.
వాడు కత్తి తీస్తే ఆరిపోతాండె,
పెడితే మళ్ళీ.

తీసి పెట్టి, తీసి పెట్టి
మెల్లగా అడిగినాడు:
"దీనికి బ్యాటరీ యాడుందన్నా?"

పన్నెండేండ్లుగా విప్పి మూస్తాండా.
ఏదైనా సరే
వెతికితే ఒక మర దొరుకుతాదనుకుంటి.

పొద్దున్నే ఓబుళమ్మ అంగడి మెట్టెక్కి
కత్తి ఎంతని అడిగె.
పిడీ గిడీ వద్దంట, కట్టె చాలంట,
వాళ్ళు ఏడుమంది ఉన్నారంట.

ఆదివారం తిలక్ రోడ్డుకే పోవల్ల.
ఈసారి నీలం అడగను.