కాస్త కిందికి

తరమణి ల్యాబులో రాత్రి పదకొండింటికి
చైనా గ్రాస్ మరిగించి కాలేయం పోస్తాను.
మధ్యలో ఒక నల్లద్రాక్ష. అదే గడ్డ.
వాచ్‌మన్ సెల్వరాసు రోజూ తొంగిచూసి అడుగుతాడు,
"స్వీటా మేడం?"

కళ్ళద్దాలు పెట్టుకుంటే
జెల్లీ మీద వెలుగు పచ్చటి కొమ్మలు వేస్తుంది,
లోపలి ద్రాక్ష ఎర్రగా పైకి తేలుతుంది.
సూది గుచ్చుతాను.
రెండు మిల్లీమీటర్లు ఇవతల దిగుతుంది.

వెంట్రుకవాసిలో తప్పింది అంటారు మావాళ్ళు.
వెంట్రుకని కొలిచాను, నాదే, దువ్వెనలోంచి తీసి:
ఎనభై మైక్రాన్లు.
అంటే నా తప్పు పాతిక వెంట్రుకలు.
జడలో ఒక పాయ కూడా కాదు,
నాళం పక్కన మాత్రం అది ఒక మనిషి.

పెంచలయ్యది సూళ్ళూరుపేట అవతల ఒక కుప్పం.
మా బృందంలో తెలుగు నాకొక్కదానికే వచ్చు గనక
అంగీకార పత్రం నేనే చదివి చెప్పాను.
లోపలిది పైకి కనిపించేలా చేస్తామని,
కనిపించిన చోటే ఉంటుందని మాటివ్వలేమని,
ఊపిరి తీసినప్పుడల్లా అది జరుగుతుందని.
అరచేతిలో వైకుంఠం చూపించకూడదు కదా.

సంతకం మధ్యలో పెన్ను ఆపి నవ్వాడు.
"నీళ్ళలో చేప కనపడ్డ చోట యాడుంటాదమ్మా.
ఈటె కాస్త కిందికి ఎయ్యాల.
ఎంత కిందికో మా నాయన చెప్పలా.
చెయ్యే నేర్చుకునింది."

ఆ చెయ్యి నేర్చుకున్నదాన్ని
మూడేళ్ళుగా సమీకరణంలో రాస్తున్నాను.
ఇంకా రాలేదు.

బుధవారం, థియేటర్ మూడు.
డాక్టర్ కోమళవల్లి తలకి అద్దాలు బిగించాను.
ఆవిడ చూసేదే నా తెరమీద:
తెరిచిన పొట్ట, తడి మెరుపు,
దానిమీద నేను గీసిన పచ్చటి చెట్టు.
వెంటిలేటర్ ఊదినప్పుడల్లా కాలేయం లేస్తుంది,
చెట్టు అరక్షణం ఆలస్యంగా లేస్తుంది,
పాట రానివాడు పక్కవాణ్ణి చూసి
పెదవులు కదిపినట్టు.

"కొంజం కీళె," అంది తనలో తను.
కాస్త కిందికి.
పెంచలయ్య మాట ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

అప్పుడు చెయ్యి లోపలికి పెట్టింది.
చెయ్యి ముందుందని, బొమ్మ వెనక ఉండాలని
నా యంత్రానికి తెలీదు.
గ్లవ్ మీదుగానే గీసేసింది నాళాలన్నీ.
మణికట్టు నుంచి వేలికొసలదాకా
పెంచలయ్య నెత్తురు దారులు
కోమళవల్లి చేతిలో పారుతున్నాయి.

తప్పు. లోపాల జాబితాలో పదిహేడోది.
టైము రాసుకోవలసిన నేను
పెన్ను పట్టుకుని ఊరికే చూస్తున్నాను.

ఆవిడ అద్దాలు పైకెత్తేసింది.
నా తెరకి పైకప్పు దీపాలు మిగిలాయి.
మిగతా పని వేళ్ళది.

ఐదోరోజు వార్డులో
గంజి గ్లాసు పక్కన పెట్టి అడిగాడు,
"దొరికిందామ్మా?"
దొరికింది.
"ఎంత కింద?"
రెండుంబావు మిల్లీమీటర్లని చెప్పి
నా స్కేలు మీద చూపించాను.
బొటనవేలి గోరు ఆనించి కొలుచుకున్నాడు.
"అంతేనా," అన్నాడు,
చేప చిన్నదైనట్టు.