రెండు వేళ్ళ వాటం

సావో పాలోలో ఆ వారమంతా తుంపరే.
బండరంగు ఆకాశం కింద
ముప్ఫై రెండో అంతస్తు ఇంకా లేస్తూనే ఉంది.
దోర్వలీనా కిటికీ తెరిచి
నగరాన్ని కత్తితో రాస్తోంది.

అవును, కత్తితోనే. కుంచెని ఎప్పుడో నీళ్ళలో మరిచిపోయింది.
మెతుకంత కిటికీ లేదు, మనిషి లేడు,
డాబాల మీద ఆరేసిన దుప్పట్లు లేవు.
బూడిద పలక, పక్కన ఇటుక పలక,
దాన్ని ఒరుసుకుంటూ ఆవపిండి రంగు,
రెండిటి నడుమ బ్లేడు గాటంత నీలం.
"అదేమిటి?" అన్నాను.
"మధ్యాహ్నం" అంది.

నేను పటాలకి చట్రాలు కట్టేవాణ్ణి.
నా చదువంతా నాలుగు మూలలు.
బొమ్మ ఏదైనా కానీ, మూలమట్టం ఆనిస్తే
సందు కనబడకూడదు, అంతే.
అందుకే నోరు ఊరుకోక చెప్పాను:
కుడివైపు ఆ పొడుగాటి బూడిద మేడ
పైకి పోయేకొద్దీ ఒరిగింది, సరిచెయ్యమ్మా.
ఆమె ఒక కన్ను మూసి బయటికి చూసింది.
"చెయ్యి అలాగే పోయింది. ఉండనీ."

ప్రదర్శనలో ఆ ఒరుగు దగ్గరే గుంపు.
మెడకి పట్టు రుమాలు చుట్టుకున్న ఒకాయన
యంత్రయుగపు ఉద్రిక్తత అన్నాడు.
ఇంకొకాయన, నృత్యం.
పేపర్లో నృత్యమే పడింది.

మూడోనాడు, మూసే వేళకి
జెజుయీను వచ్చాడు.
ఈశాన్యపు కరువు నేల నుంచి లారీ ఎక్కి దిగిన తాపీమేస్త్రి.
చెప్పులకి సిమెంటు, చేతిలో తడిసిన టోపీ.
టిక్కెట్టు లేదు. నేనే తలుపు తీశాను,
వాన కదా అని.

చాలాసేపు చూశాడు.
జేబులోంచి తూకపు గుండు తీసి
దారం బొటనవేలికి చుట్టి
పటానికి జానెడు ఇవతల వేలాడదీశాడు.
గుండు ఊగింది.
ఊగి ఊగి
నిలిచింది.

"పద్దెనిమిదో అంతస్తు" అన్నాడు.
"ఇక్కణ్ణించి రెండు వేళ్ళు తప్పింది. నా గోడే.
పొద్దున్నే అదేమారు నా గుండు అడిగి పట్టుకెళ్ళాడు, అవతలి పరంజా మీదికి.
పదిన్నరకి పరంజా జారింది.
పని ఆపనివ్వలేదు.
గుండు లేదు, కంటి కొలతతో పేర్చాను.
ఆ రోజు కళ్ళు ఎక్కడున్నాయి చెప్పు?
పైన గిలాబా పూశారు.
ఇంజనీరు చూళ్ళేదు, యజమాని చూళ్ళేదు.
ఈవిడకి ఎవరు చెప్పారు?"

ఈ గుండు అదేనా అని
నేను అడగలేదు.
దోర్వలీనాకి కూడా ఏమీ చెప్పలేదు.
చెబితే సరిచేస్తుందేమో.

పటం కొన్న బ్యాంకు వాళ్ళు నిన్న కబురు పెట్టారు:
గోడ మీద వంకరగా వేలాడుతోందట, వచ్చి చూడమని.
రసమట్టం పట్టుకుని వెళ్ళాను.
బుడగ నడిమధ్యన నిలబడింది.
అయినా ముగ్గురు గుమాస్తాలు చూస్తున్నారని
పటాన్ని కాసేపు అటూ ఇటూ కదిపి
ఎక్కడుందో అక్కడే వదిలి
"ఇప్పుడు సరిపోయింది" అన్నాను.

సరిపోయిందన్నారు వాళ్ళూ.
కూలి తీసుకుని బయటికొచ్చాను.