ఒక సున్నా ఎక్కువ

ఆదివారం ఆరున్నరకి దొరల తోట గేటు దగ్గర
పన్నెండు మందిమి పోగయ్యాం.
మనిషికి యాభై రూపాయలు. టోపీలు ఎవరివి వాళ్ళవే.
కెజియా అనే పిల్ల, చరిత్రలో ఎమ్మే,
చెంపకి మైకు తగిలించుకుని
"చెప్పులతోనే రావచ్చండీ, చూసి అడుగెయ్యండి" అంది.

యార్డులో మిరప టిక్కీలు విప్పే కాలం.
గాలి ఇటు తిరిగిందంటే అందరికీ కళ్ళనీళ్ళే.
"గుంటూరు సమాధుల దగ్గర ఏడవడానికి
చుట్టరికం అక్కర్లేదు" అంది.
నవ్వినవాళ్ళు తుమ్మారు.

మొదట దొరలు.
కలరాకి పోయిన కచేరీ గుమాస్తా.
ఓడ దిగిన నలభయ్యో రోజున పోయిన పాదిరి భార్య.
పేరు పెట్టకముందే పోయిన పసిగుడ్డు,
రాతిమీద ఉత్త తారీఖు.
ఆ పిల్ల ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతుంటే
నేను రాళ్ళ అంచులు చూస్తున్నాను,
ఏ ఉలి ఎంత దిగిందో, ఎవరి చెయ్యి ఎక్కడ జారిందో.

నలభై ఏళ్ళు ఈ గేటుకి ఎదురే నా కొట్టు.
ఎవరికీ చెప్పలేదు.
వాచ్‌మన్ ఇశ్రాయేలు "మేస్త్రీ, నువ్వూ టిక్కెట్..." అనబోతే
కళ్ళతోనే ఆపాను.

వేపచెట్టు దాటాక తెలుగు రాళ్ళు.
నాకు అరచేతుల్లో చెమట.
వదిలేస్తుందేమో అనుకున్నాను. వదల్లేదు.
"ఇది చూడండి. దాసరి రాహేలమ్మ,
మిషనాస్పత్రిలో కాన్పుల ఆయా. చివరి వరస చదవండి."

ప్రభువునందు నిందించుచున్నది.

"నిద్రించుచున్నది కాదు, గమనించారా?
వేల బిడ్డల్ని చేతుల్లోకి తీసుకుంది, తనకి పిల్లల్లేరు.
ముసలితనంలో పైసా పింఛను ఇవ్వలేదు.
ఈ మాట ఆవిడే కోరి రాయించుకుందంటారు.
ఈ తోటలో నోరున్న రాయి ఇదొక్కటే."

ఫోటోలు తీసుకున్నారు. ఒకావిడ నిజంగానే ఏడ్చింది.
కళ్ళజోడు కుర్రాడు అడిగాడు, "ఎవర్నండీ నిందించేది?"
"అది ఎవరికి వాళ్ళే అనుకోవాలి" అంది కెజియా.
అందరూ తమ కాళ్ళకేసి చూసుకున్నారు.
నేను నోరు తెరిచాను.
మిరప ఘాటు లోపలికి పోయింది.

అది ఉప్పెన మరుసటేడు. నాకు పందొమ్మిదేళ్ళు, చదువు రాదు.
అక్షరాన్ని బొమ్మలా చూసి దించేవాణ్ణి.
ఆమె పెనిమిటి ఆనందరావు, రైల్వే గ్యాంగులో పని,
ఎవరిచేతో రాయించుకొచ్చిన కాగితం వానకి తడిసింది.
అక్షరానికి ముప్పావలా. గుణింతాలు, ఒత్తులు ఉచితం.
చెక్కడం అయ్యాక అతను కళ్ళు మూసుకుని
వరసంతా వేళ్ళతో తడిమి
"బాగుంది నాయనా, చల్లగా ఉంది" అన్నాడు.

ఆరేళ్ళకి రాత్రిబడిలో
ద కింద క్రావడి నేర్పిన రోజున
పలక అక్కడే పడేసి ఇక్కడికి పరిగెత్తాను.
లాంతరు పట్టి చూస్తే
ఒక క్రావడి తక్కువ. ఒక సున్నా ఎక్కువ.
క్రావడి ఎప్పుడైనా చెక్కొచ్చు.
సున్నాని ఏం చేస్తాం?
సున్నా అంటే తవ్విన గుంట.
గుంటని చెరిపే ఉలి ఏ కొలిమిలోనూ చెయ్యరు.
సిమెంటు పూశాను కూడా ఒకసారి,
రోహిణి ఎండకి ఊడిపోయింది.

ఇప్పుడు ఈ పిల్ల దానికో కథ కట్టింది.
ఆ పింఛను మాట మాత్రం అబద్ధం కాదు.
రాహేలమ్మ ఆస్పత్రి మెట్లమీద ఎన్ని పొద్దులు కూర్చుందో
నా కొట్టులోంచి కనపడేది.

అందరూ బ్రాడీపేటలో ఇడ్లీలకి వెళ్ళారు.
నేను ఉండిపోయి
బొటనవేలు ఆ సున్నాలో పెట్టి చూశాను. సరిపోయింది.
"ఆనందరావుది ఏది?" అనడిగాను ఇశ్రాయేలుని.
పక్కనున్న గడ్డిని కాలితో చూపించాడు.
రాయి లేదు.

కొట్టులో అడుగున జానెడు కడప ముక్క ఒకటుంది.
ఐదక్షరాలు పడతాయి.
రెండో అక్షరం పక్కన ఒక సున్నా,
ఉండాల్సిన చోటే,
చెయ్యి వణక్కపోతే.