ఏడు పీకల మనిషి

షికాగోలో ఆ చలికాలం
హోటల్ నేలమాళిగలో, బాయిలర్ పక్కన కూచుని
నేను స్వరాలకు నకళ్ళు తీసేదాన్ని.
పేజీకి పదకొండు సెంట్లు. సిరా నాదే.

పైన బాల్‌రూములో ఇరవై ఇద్దరు,
జాజ్‌కి సూటు తొడిగి సింఫనీ అని పిలిచేవాళ్ళు.
అందులో పీకలు ఊదేవాళ్ళు ముగ్గురే.
కాగితం మీద మాత్రం పదిహేను మంది.

ఒతకార్ హ్రూష్కా ఒక్కడే ఏడుగురు.
రెండు క్లారినెట్లు, మూడు శాక్సొఫోన్లు, ఒబో,
ఇంకా కోటు లోపల చంకలో దాచుకున్న ఫ్లూటు.
చల్లబడితే శ్రుతి దిగుతుందని
కోడి గుడ్డును పొదిగినట్టు పొదిగేవాడు.
మిగతావి కుర్చీ చుట్టూ మేకుల మీద
వంతు కోసం నిలబడ్డ పిల్లల్లా.
ఒక్కో అదనపు వాద్యానికీ వారానికి రెండు డాలర్లు.
ఫ్లూటు డబ్బు బొగ్గుకి, ఒబో డబ్బు అద్దెకి అనేవాడు.
బాస్ క్లారినెట్ లెక్కలోకి రాదు, అది ప్రేమకొద్దీ.

ఒబో పీకంటే ఏముంది,
రెండు రెల్లు రేకులు, దారంతో బిగించిన చిన్న నోరు.
ఆవపిండి డబ్బా మూతలో నీళ్ళు పోసి నానబెట్టేవాడు.
ఎండితే పలకదు, మరీ నానితే మూలుగుతుంది.
"శాక్సొఫోన్‌కి పెదవి వదలాలి, ఒబోకి బిగించాలి.
ఒకే మూతితో నవ్వుతూ ఏడవడం, బొఝెనా, ఈ ఉద్యోగం"
అన్నాడోసారి, మెట్ల మీద సాసేజీ తింటూ.

అందుకే మారేచోట నాలుగు ఆవర్తాలు ఖాళీ.
పదహారు దెబ్బల్లో
మెడతాడు విప్పి, ఆల్టోని కొక్కేనికి తగిలించి,
మూతలోంచి పీక తీసి గుచ్చి,
వయొలిన్లు తప్పుకునే క్షణానికి
మరో మనిషై పలకాలి.

ఫిబ్రవరిలో ఒక శనివారం, ఆటకి గంట ముందు
కోత వచ్చింది: వయొలిన్లవి మూడు ఆవర్తాలు తీసెయ్యి.
కత్తిరించాను, అతికించాను, ఇరవై రెండు కాగితాల్లోనూ.
ఆ మూడూ అతను మనిషి మారే జాగా అని
తోచనే లేదు నాకు.

సరుకుల తలుపు సందులోంచి చూశాను, వేళ్ళకింకా జిగురే.
అతని చెయ్యి మూతవైపు వెళ్ళింది.
ఆగింది.
ఒబో పాటని ఆల్టోలోనే ఎత్తుకున్నాడు,
ప్రతి స్వరాన్నీ మూడో మెట్టుకు దించి చదువుతూ,
పెదవి చివరంటా బిగించి.
పెళ్ళిబట్టల్లో ఉన్నవాడికి
చావుకబురు చెవిలో చెప్పినట్టుంది ఆ గొంతు.
నాట్యం చేస్తున్న జంటలు అడుగు తప్పాయి.
ట్రేలో గ్లాసులు కాసేపు మోగలేదు.

సోమవారం పత్రిక రాసింది: కొత్త రంగు, సాహసం.
స్వరకర్త చుట్ట వెలిగించి
"అక్కడ శాక్సొఫోనే ఉండాలని ముందే అనుకున్నా" అన్నాడు.
ఒబో వరసని చెరిపి, ఆల్టోకి ఎక్కించి,
ఆ పేజీ మళ్ళీ నేనే రాశాను.
పదకొండు సెంట్లు.

రాత్రంతటిలో ఒబోకి ఉన్నది ఆ ఒక్క పాటే.
ఆ వారం హ్రూష్కా కవరులో రెండు డాలర్లు తక్కువ.

కిందికొచ్చాడు. తిట్టలేదు.
పొయ్యి దగ్గర చేతులు కాచుకుని
ఆ మూతని నా సిరాబుడ్డి పక్కన పెట్టి వెళ్ళాడు.
నీళ్ళు అప్పటికే ఇంకిపోయాయి.

నా కత్తెర ఒక పీక కోసిందని
ఏ కాగితమూ చెప్పదు.
ఊదడం రాదు నాకు.
అయినా పడుకునేముందు ఆ మూతలో
ఇన్ని నీళ్ళు పోస్తాను.